1766: మనల్ని అడగని ఒప్పందం



కడియం హాస్టల్‌లో పోటీ పరీక్షలకి చరిత్ర చదువుతూ మేం 1766 దగ్గర ఆగిపోయాం.

1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కానీ వాటి మీద హక్కు నాదన్నాడు హైదరాబాద్ నిజాం అలీ ఖాన్. అందుకే 1766 నవంబరు 12న కంపెనీ ఆయనతో విడిగా ఒప్పందం చేసుకుంది. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారులకి ఏటా 5 లక్షల రూపాయలు. శ్రీకాకుళం, గుంటూరులకి చెరో 2 లక్షలు. మొత్తం 9 లక్షలు. గుంటూరు మాత్రం బసాలత్ జంగ్ బతికున్నంతకాలం ఆయనదే.

గోదావరి మన కొండల మధ్య నుంచే ఈ డెల్టాకి దిగుతుంది. అయినా ఆ లెక్కలో పోడు కొట్టేవాళ్ల మాట ఎక్కడా లేదు.

సెగ తర్వాత తగిలింది. కల్లు మీద పన్ను, మునసబుదారు దౌర్జన్యం భరించలేక 1879లో రంప తిరగబడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర నడిచారు.

పరీక్షలో 1766 ఒక్క మార్కు. మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. భూమి కాగితం మీద చేతులు మారేటప్పుడు ఆ కాగితం చదివేవాడు మనలో ఉండాలి. ఈ సెలవులకి ఊరెళ్తే, ఇంట్లో ఉన్న అటవీ హక్కుల పట్టా తీసి, అమ్మానాన్నలకి పైకి చదివి వినిపిద్దాం.