హెచ్ గుర్తు బిల్లులు

2009 జనవరి 7, బుధవారం. సంక్రాంతికి ఇంకా వారం. మా నరసన్నపేట బంగారు కొట్లలో పండగ బేరాల రోజులు. ఆ పూట టీవీల్లో ఒకటే వార్త: హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ డైరెక్టర్లకు ఉత్తరం రాశారు. ఖాతాల్లో చూపించిన సొమ్ములో 5,040 కోట్లు లేనే లేవు. హైదరాబాద్‌లో పిల్లలున్న ఇళ్ళన్నిటా ఒకటే బెంగ: "ఏటైనాదిరా? జీతాలిత్తారా, ఇవ్వరా?"

అన్ని కోట్ల అబద్ధం కంప్యూటర్లలో ఎలా దాగింది?

ఫిబ్రవరిలో కేసు సీబీఐ చేతికి వచ్చింది. కంపెనీలో బిల్లు పుట్టే దారి పద్ధతిగానే ఉంది. ఇంజనీర్లు పనిచేసిన గంటలు ఒక అప్లికేషన్‌లో ఎక్కుతాయి, ప్రాజెక్టు బిల్లింగ్ వివరాలు మరోదానిలో. అవన్నీ కలిసి ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో బిల్లుగా మారతాయి. అయితే అత్యవసరాల కోసం ఒక దొడ్డిదారి కూడా పెట్టుకున్నారు: ఎక్సెల్ షీటులోని వివరాలను నేరుగా ఆ సిస్టమ్‌లోకి ఎక్కించేయొచ్చు. గంటలతో పనిలేదు.

దానికి తోడు సూపర్ యూజర్ లాగిన్. అందులోంచి వెళ్ళి బిల్లుకు 'హెచ్' గుర్తు పెడితే మామూలు ఉద్యోగులకు అది కనపడదు. ఒకే సిస్టమ్, ఒకే రోజు. ప్రాజెక్టు మేనేజరు తెర మీద ఆ బిల్లు ఉండదు, సూపర్ యూజర్ తెర మీద నంబరుతో, మొత్తంతో సహా ఉంటుంది.

అలాంటి బిల్లులు 7,561 అని సీబీఐ తేల్చింది. విలువ 5,117 కోట్లు. వాటిలో 6,603 ఒరాకిల్ ఫైనాన్షియల్స్ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లోకీ చేరి, 4,746 కోట్ల అమ్మకాలుగా లెక్కకెక్కాయి.

ఇక్కడ తాళం పగలగొట్టిన దొంగ లేడు. తాళం చెవి కంపెనీ ఇచ్చినదే.

సూపర్ యూజర్‌ది అప్లికేషన్ తాళం. దాని అడుగున డేటాబేస్‌కు ఇంకా పెద్ద తాళం ఉంటుంది. ఒరాకిల్‌లో దాని పేరు సిస్‌డీబీఏ. ఆ హోదాతో దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్ళ పేర్లు, పాస్‌వర్డుల గుర్తులు ఓరా పీడబ్ల్యూడీ అనే కమాండ్‌తో తయారయ్యే పాస్‌వర్డ్ ఫైలులో ఉంటాయి. దాన్ని డేటాబేస్ లోపల పెట్టరు. డేటాబేస్ ఆగిపోయినా దాన్ని లేపడానికి వచ్చినవాడెవడో తేల్చాలి కదా! ఫైలులో ఎవరెవరున్నారో వీ డాలర్ పీడబ్ల్యూ ఫైల్ యూజర్స్ అనే వ్యూ చూపిస్తుంది. మన ఆఫీసుల్లో పాస్‌వర్డులో పెద్దక్షరముందా, అంకె ఉందా అని పట్టుబడతారు గానీ ఆ జాబితా తెరిచి చూసేవాళ్ళు, నా ఎరికలో, బహు తక్కువ. ఉద్యోగం మానేసిన వాడి పేరు అందులో ఉండిపోయినా అడిగే నాథుడుండడు.

జాబితా చూసినా సగం పనే. ఇనప్పెట్టె తాళమూ, చిట్టా పుస్తకమూ ఒక్క గుమస్తాకే అప్పగించే షావుకారు మా పేటలో ఉండడు. సిస్‌డీబీఏ చేసిన ప్రతి పనీ డేటాబేస్ బయట, అతని చెయ్యి అందని చోట నమోదయ్యే ఏర్పాటు ఒరాకిల్‌లో ఉంది. అది సరిగ్గా పెట్టుకోవడం ఆఫీసు బాధ్యత.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. రామలింగరాజుకు ఏడేళ్ళ జైలు, 5 కోట్ల జరిమానా. దోషుల్లో బయటి ఆడిటర్లిద్దరు. మే నెలలో అప్పీలు మీద శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు. 'హెచ్' బిల్లులకు ఆ గంటల అప్లికేషన్‌లో సరిపోయే ఎంట్రీలు ఏనాడూ లేవు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం ఆ ఉత్తరం వచ్చిన తరవాతే.