మోటుపల్లి

మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 13, 14 శతాబ్దాల్లో తెలుగు నేలకు ఇది పేరున్న ఓడరేవు. ఏడ్రియాటిక్ సముద్రతీర నగరం వెనిస్‌కు చెందిన మార్కో పోలో తన యాత్రా కథనంలో కాకతీయ రాజ్యాన్నంతా ఈ రేవు పేరుతోనే 'ముత్ఫిలి' అన్నాడు. ఆ లెక్కన కాకతీయుల ఏలుబడిలోని మంజీర పరిసరాలు, అంటే నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం కూడా ముత్ఫిలియే. సముద్రం వాసన తగలని చెరువుల సీమకు ఒక రేవు పేరు పెట్టడం మనకు వింతగా ఉంటుంది. ఓడలో వచ్చేవాడికి మాత్రం దేశం రేవు దగ్గరే మొదలవుతుంది.

రేవు అనగానే కొండల చాటున లోతైన నీళ్లు ఊహించుకుంటాం. మోటుపల్లికి ఆ భాగ్యం లేదు. ఇసుక ఒడ్డు, దాని ముందు ఏ అడ్డూ లేని సముద్రం. కోరమాండల్ తీరంలోని పాత రేవులు చాలావరకు ఇలాంటివే: ఓడ దూరంగా లంగరు వేస్తే సరుకును పడవల్లో ఒడ్డుకు చేర్చుకోవాలి. గాలి తిరగబడితే ఓడకు దిక్కు లేదు. అయినా ఓడలు వచ్చాయంటే కారణం ఒడ్డున దొరికే సరుకు, దానికి మించి ఒడ్డున ఉన్న రాజు ఇచ్చిన మాట.

ఆ మాట ఇక్కడి వీరభద్రాలయంలో రాతిమీద ఉంది. కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన ఈ శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనం అంటారు. అందులో రాజు ముందుగా పాత తప్పును ఒప్పుకుంటాడు. తుఫానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించినవాళ్ల దగ్గర తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని ఆయన ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియాలు వంటి సరుకుల ప్రస్తావన కూడా అందులో ఉంది. దయ, కీర్తి, పుణ్యం అని శాసనం కారణాలు చెప్పుకుంటుంది. వాటి వెనక గట్టి వ్యాపార లెక్క కూడా ఉందనుకోవాలి. మునిగిన ఓడను దోచుకుంటే లాభం ఒక్కసారే. ఆ కబురు విన్న మిగతా ఓడలు మరో రేవు చూసుకుంటాయి.

గణపతిదేవుడి తర్వాత ఆయన కూతురు రుద్రమదేవి రాజ్యానికి వచ్చింది. మార్కో పోలో కథనంలో ముత్ఫిలిని ఏలుతున్నది ఒక రాణి. భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని, ప్రజలకు ఆమె అంటే ప్రాణమని రాశాడు. ఆమె రుద్రమే అనడంలో చరిత్రకారులకు పెద్దగా సందేహం లేదు. కానీ ఆమెకు రాజ్యం వచ్చింది తండ్రి నుంచి, భర్త నుంచి కాదు. పైగా నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించింది. పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణం కట్టింది 1290 దశకం మొదట్లో. వెనిస్ చేరింది 1295లో. కాబట్టి ఆయన మోటుపల్లిలో కాలుపెట్టాడో, పక్క రేవుల్లో నావికులు చెప్పుకున్నది విని రాశాడో తేల్చలేం. నలభై ఏళ్ల లెక్క, వితంతువు మాట చూస్తే విన్నదే ఎక్కువనిపిస్తుంది.

వజ్రాల కథ సంగతీ అంతే. వానలు వెలిశాక కొండవాగుల్లో వజ్రాలు ఏరుకుంటారన్న మాట నమ్మదగినది. కృష్ణా లోయలో వజ్రాలు దొరకడం నిజం. పాములున్న లోయలోకి మాంసపు ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి మోసుకొస్తాయన్నది మాత్రం పోలో కంటే ఎన్నో వందల ఏళ్ల ముందునుంచీ దేశదేశాలు తిరిగిన కట్టుకథ. సింద్‌బాద్ కథల్లోనూ అది ఉంది. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని, రాజులూ రాణులూ కట్టుకోదగ్గదని రాసిన మాటలో అతిశయం ఉన్నా వర్తకుడి కన్ను కనిపిస్తుంది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. ఆ మరుసటి జనవరిలో పోలో వెనిస్‌లో చనిపోయాడు. కాకతీయ రాజ్యం ముక్కలయ్యాక రేవుకూ ఎగువ తెలంగాణకూ దారులు వేరయ్యాయి. నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాస్ కోట 14వ శతాబ్ది మధ్యలో ముసునూరి కాపయనాయకుడి చేజారి బహమనీల పాలైంది. మోటుపల్లిని రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి గెలుచుకున్నాడు. 1358లో వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి గణపతిదేవుడి బాటలోనే మరో అభయం ఇచ్చాడు. సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించడంలోనే ఆయన తెలివి ఉంది; అది చదవవలసినవాళ్లలో దక్షిణాది వర్తకులు ఎక్కువ. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామని, వెళ్లిపోతామంటే ఆపబోమని అందులో హామీ ఉంది.

ఆ రేవు పెంచిన సంపదకు నిలువెత్తు గుర్తు అవచి తిప్పయ్యసెట్టి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. సింహళం నుంచి ఏనుగులు, హుర్ముజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టు ఆయన తెప్పించేవాడని ఆ కావ్యం చెబుతుంది. కవి పొగడ్తలో కొంత తీసేసినా తెలుగు సెట్టి లావాదేవీలు ఎంత దూరం సాగేవో తెలుస్తుంది.

రెడ్డి రాజ్యం పోయాక మోటుపల్లి వెనకబడింది. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ సరుకంతా మచిలీపట్నం దారి పట్టింది. డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు అక్కడే కొఠీలు తెరిచారు. మోటుపల్లి పేరు శాసనాల్లో మిగిలింది.

చూడబోయేవారికి నగరం కనిపించదు. గుడులు, శాసనాలు, ఇసుక, చినగంజాం వైపు ఉప్పు మడులు మాత్రమే. ఎల్లారెడ్డి వాసులు బస్సులో కామారెడ్డి వచ్చి, రైల్లో సికింద్రాబాద్ చేరి, అక్కడ గుంటూరు, తెనాలి మీదుగా పోయే బండి ఎక్కితే చీరాలలో దిగవచ్చు. అక్కడినుంచి రోడ్డు దారి. దారిలోనే వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఒక పూట దానికి కేటాయించినా నష్టం లేదు. శాసనపు రాయి మీద అక్షరాలు ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూటే బాగా కనిపిస్తాయి. డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లదలిస్తే తుఫాను హెచ్చరికలు చూసుకుని బయల్దేరాలి. 1977 నవంబరు 19న ఈ తీరానికి ఉత్తరాన దివిసీమ మునిగింది. గణపతిదేవుడి శాసనం చెప్పే పగిలిన ఓడలకూ కారణం తుఫాను గాలులే.