గాజు పలక నుంచి చేతిలోని ఫోను వరకు – మన ఫోటోల ప్రయాణం

మన సభ్యులలో చాలామంది ఇళ్లలో ఈ మధ్య ఫోన్లు మారుతున్నాయి. పిల్లలు కొత్తది కొనిపెడుతున్నారు, పాతది ఎక్స్ఛేంజికి పోతోంది. "పాత ఫోనులోని ఫోటోలు కొత్తదానిలోకి రావడమెలా?" అన్న ప్రశ్న మన నెలవారీ సమావేశాలలో తరచు వినబడుతోంది. నిజానికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఫోటో పుట్టిన నాటి నుంచి దానిని ఒక వస్తువు మీద నుంచి మరొక వస్తువు మీదికి మార్చుకోవడం మనిషికి ఉన్న పనే. ఆ చరిత్ర కొంత తెలిస్తే, ఈ మార్పిడిలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో బోధపడుతుంది.

నకలు లేని కాలం

కెమెరాతో తీసిన ఫోటోలలో నేటికి మిగిలినవాటిలో అతి పాతది ఫ్రాన్సు దేశస్థుడు నీప్స్ 1827 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుంచి తీసినది. లోహపు పలక మీది ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. 1839లో లోకానికి వెల్లడైన డాగేర్ పద్ధతిలో, వెండిపూత గల రాగిరేకు మీద బొమ్మ ఎంతో స్పష్టంగా వచ్చేది. కాని దానికి నకలు ఉండేది కాదు. రేకు పాడైతే బొమ్మ పోయినట్టే. ఇంగ్లండులో టాల్బట్ 1841లో పేటెంటు పొందిన పద్ధతి ఈ చిక్కును విప్పింది. ముందు కాగితం మీద నెగెటివ్, దాని నుంచి కావలసినన్ని ప్రింట్లు. ఒకే ఫోటో పది ఇళ్లలో ఉండగలగడం అప్పటి నుంచే మొదలయింది.

తరువాత నెగెటివ్ కాగితం నుంచి గాజు పలక మీదికి మారింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) తీసిన ఫోటోలు ఈనాటికీ మనం చూడగలుగుతున్నామంటే ఆ గాజు పలకలు పగలకుండా మిగలడమే కారణం. వాటిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది.

స్టూడియోలు, రీళ్లు

మన పెద్దల కాలంలో ఫోటో అంటే స్టూడియోకు వెళ్లి దిగవలసిందే. ప్రింటు మనకిచ్చి నెగెటివ్ వారే దాచుకునేవారు. ప్రింటు వెనుక స్టూడియో ముద్ర, పెన్సిలుతో నంబరు ఉండేవి. మరో కాపీ కావాలంటే ఆ నంబరు చెబితే చాలు. దానికింద ఇంటి యజమాని సిరాతో తేదీ, ఊరు, కూర్చున్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి రాసి పెట్టేవారు. ఈ వెనుక రాత సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ ప్రస్తావిస్తాను.

1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను అమ్మకానికి పెట్టాడు. అందులో 100 ఫోటోల రీలు ఉండేది. అయిపోయాక కెమెరానే కంపెనీకి పంపితే ఫోటోలు కడిగి, కొత్త రీలు వేసి తిప్పి పంపేవారు. మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు కెమెరా చేరడానికి చాలా కాలం పట్టింది. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రీలుకు 12 ఫోటోలు. ఊటీలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ము తయారుచేసేది. 36 ఫోటోల రీలు వచ్చాక కూడా ఆచితూచి తీసేవాళ్లం. రీలు కడిగించేదాకా ఏది ఎలా వచ్చిందో తెలిసేది కాదు. పింఛను కాగితాలకు జతపరచిన ఉమ్మడి ఫోటోయే, పెళ్లి ఫోటో తరువాత దంపతులిద్దరూ స్టూడియోలో కలిసి దిగిన రెండవ ఫోటో అయిన కుటుంబాలు నాకు తెలుసు.

బొమ్మ అంకెలుగా మారడం

1975లో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవ్ సాసన్ ఫిల్ము లేని కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేది. దానిని చూడడానికి టెలివిజన్ కావాలి. ఫోటో అంకెలుగా మారడంతో మరో పెద్ద మార్పు జరిగింది. ప్రింటును తిరిగి ఫోటో తీస్తే కొంత మసక తప్పేది కాదు. అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా నకలు చేస్తే నకలుకు, అసలుకు తేడా ఉండదు. ఎంతో పేరుపొందిన ఆ కోడక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది.

1997 జూన్ 11న అమెరికాలో ఫిలిప్ కాన్ అనే ఆయన, అప్పుడే పుట్టిన తన కూతురు ఫోటోను ఆసుపత్రి నుంచే సెల్‌ఫోను ద్వారా బంధుమిత్రులకు పంపించాడు. కెమెరాను, ఫోనును ఆయన తానే కలిపి అమర్చుకున్నాడు. కొద్ది సంవత్సరాలలోనే కెమెరా ఉన్న ఫోన్లు బజారులోకి వచ్చాయి.

ఫోను నుంచి ఫోనుకు ఫోటో మార్చడానికి మొదట అందరికీ తెలిసిన మార్గం బ్లూటూత్. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు పేరు దానికి పెట్టారు. రెండు మూడు ఫోటోలకు అది చాలు గాని వందల ఫోటోలకు చాలా నిదానం. తరువాత వైఫై ఆధారంగా పనిచేసే షేరిట్, జెండర్ వంటి యాప్‌లు ఇంటింటా వాడకంలోకి వచ్చాయి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో క్విక్ షేర్, ఐఫోన్లలో ఎయిర్‌డ్రాప్ ఆ పని చేస్తున్నాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు మారేవారికి 'మూవ్ టు ఐఓఎస్' అనే యాప్ 2015 నుంచి ఉంది. గూగుల్ ఫోటోస్‌లో దాచుకునేవారు ఒక సంగతి గమనించాలి. 2021 జూన్ 1 నుంచి అక్కడ చేర్చే ఫోటోలన్నీ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. మన ఈమెయిలు కూడా అందులోనే ఇమడాలి.

వెనుక రాత ఏమైంది?

డిజిటల్ ఫోటోకు కూడా వెనుక రాత ఉంది. 1995లో జపానులో రూపొందిన 'ఎక్జిఫ్' అనే పద్ధతి ప్రకారం, తీసిన తేదీ, సమయం, కెమెరా వివరం ఫోటో ఫైలులోనే కంటికి కనబడకుండా నమోదవుతాయి. వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఈ వివరాలు కూడా తొలగిపోతాయి. 'డాక్యుమెంట్'గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది. కాబట్టి ఫోను మార్చేటప్పుడు ఫోటోలను వాట్సాప్‌లో తమకు తామే పంపుకోవడం మంచి పద్ధతి కాదు.

అయితే ఏ యంత్రమూ నమోదు చేయని రాత ఒకటి ఉంది. అది మనుషుల పేర్లు. మా అక్కయ్య కాలం చేసిన తరువాత బావగారి ఫోను మార్చవలసి వచ్చింది. అక్కయ్య ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. కేబులుతో కొత్త ఫోనులోకి ఎక్కించి, రెండింటిలోనూ లెక్క సరిపోయిందాకా పాతదానిని దుకాణానికి ఇవ్వనివ్వలేదు. ఫోటోలన్నీ భద్రంగా వచ్చాయి. వాటిలో పాత ఆల్బమ్ నుంచి అక్కయ్య ఫోనుతో తీసిపెట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. ఒకదానిలో ఆమె పక్కన ఇద్దరు ఆడపిల్లలు, పరికిణీలు కట్టుకుని, నవ్వుతూ ఉన్నారు. బావగారికి వాళ్లెవరో తెలియదు, నాకూ తెలియదు. ఆల్బమ్‌లోని ప్రింటు బంకతో అంటించినది, వెనుక చూసే వీలు లేదు. చెప్పగలిగిన మనిషి ఇక లేదు.

అందువలన సభ్యులకు నా మనవి. ఫోను మార్చే ముందు ఫోటోలు మరొక చోట, పెన్‌డ్రైవులోనో కంప్యూటరులోనో, ఒక నకలు ఉంచండి. కొత్త ఫోనులో నాలుగైదు పాత ఫోటోలు తెరిచి, పెద్దవి చేసి చూడండి. లెక్క సరిచూసుకున్న తరువాతే పాత ఫోనును ఖాళీ చేయించండి. ఈ పనులు మనుమలు గంటలో చేసిపెడతారు. ఫోటోలోని వాళ్లెవరో మాత్రం వాళ్లు చెప్పలేరు. ఒక సాయంత్రం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క ఫోటోకు పేరు, ఊరు, సంవత్సరం చెప్పి నోటుపుస్తకంలోనో ఫోనులోనో రాయించండి. ఆ రాత మన తరం చేయవలసినది.