కోడిజుట్టు నుంచి రక్తపరీక్ష దాకా

జైనూర్ వంటి ఊళ్ల అంగళ్లలో పుంజును బేరమాడేవారి కన్ను ముందుగా దాని తలమీది ఎర్రని జుట్టు మీద పడుతుంది. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను కొలిచే రక్తపరీక్ష చరిత్ర కూడా ఆ జుట్టు దగ్గరే మొదలైంది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ పడుచు పుంజుల వృషణాలను తీసివేయగా, వాటి జుట్టు ముడుచుకుపోయి, కూతా పోట్లాటా ఆగిపోయాయి; వృషణాన్ని కడుపులో మరోచోట అమర్చగా, పాత నరాల సంబంధం తెగిపోయినా జుట్టు యథాప్రకారం పెరగడంతో, ఆ ప్రభావం రక్తం ద్వారానే సాగుతున్నదని ఆయన తేల్చాడు.

ఆ పదార్థం చేజిక్కడానికి మరో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1920ల చివర షికాగో పరిశోధకులు వృషణాలు తీసిన కోళ్లకు వృషణ సారం ఎక్కించి, జుట్టు ఎంత పెరిగిందో కొలిచి దాని బలాన్ని లెక్కగట్టేవారు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎర్నెస్ట్ లాకర్ బృందానికి సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి దక్కింది 10 మిల్లీగ్రాములే. ఇంత సూక్ష్మమైన దానిని కొద్దిపాటి రక్తంలో కొలవడం రేడియో ఇమ్యునో అస్సే వచ్చాకే తేలికైంది. రేడియోధార్మిక గుర్తు వేసిన హార్మోన్, రోగి రక్తంలోని హార్మోన్ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడే ఈ పద్ధతిని 1950ల చివర ఇన్సులిన్ కోసం రూపొందించినవారు రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్.

రిపోర్టులో కనిపించే అంకె సాధారణంగా మొత్తం టెస్టోస్టెరాన్‌ది. అందులో అధిక భాగం ప్రోటీన్లకు అంటుకుని ఉండగా, స్వేచ్ఛగా తిరిగేది నూటికి రెండు పాళ్ల వరకే. పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది కాబట్టి మగవారి నమూనాను ఉదయమే తీస్తారు.

అంకె ఎంత కచ్చితమైనా, దాని పక్కన గీసే హద్దు మాత్రం మనుషులు గీసేదే. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2011లో మహిళా క్రీడాకారులకు లీటరుకు 10 నానోమోల్ హద్దు పెట్టింది. మన ల్యాబుల లెక్కలో అది డెసిలీటరుకు దాదాపు 288 నానోగ్రాములు. ఆ నియమం కింద 2014లో పోటీలకు దూరమై, తరువాత హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిశా పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, తగిన ఆధారం లేదంటూ 2015 జూలైలో అది ఆ నియమాన్ని నిలిపివేసింది. 2018లో హద్దు 5కు దిగి, 400 మీటర్ల నుంచి మైలు దాకా పరుగులకే పరిమితమైంది, 2023లో 2.5కు దిగి అన్ని పోటీలకూ పాకింది. అయిదేళ్లలో సగానికి తగ్గిన హద్దును ప్రకృతి నియమమని చెప్పడం కష్టం.

ఆ తరువాత సమాఖ్య చూపు హార్మోన్ అంకె నుంచి జన్యువు మీదికి మళ్లింది: 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ ర్యాంకింగ్ పోటీల మహిళా విభాగంలో అర్హతకు, సాధారణంగా వై క్రోమోజోమ్‌పై ఉండే ఎస్‌ఆర్‌వై జన్యువు ఉన్నదీ లేనిదీ చూసే పరీక్ష అమలులోకి వచ్చింది.