ముందు మీట, వెనుక అక్షరం: టెర్మినల్ సత్వర మీటలు – తెలుగు కీబోర్డు చరిత్ర

వ్యాససంగ్రహం:

టెర్మినల్ మల్టిప్లెక్సర్‌లో సత్వర మీటలను తనకు అనువుగా మార్చుకోవడం పైకి కేవలం సాంకేతికమైన పనిగా కనిపిస్తుంది. ఆ మీటలు మొదట ఎవరు, ఏ పరిస్థితిలో ఎంచుకున్నారని అడిగితే అది చరిత్ర ప్రశ్న అవుతుంది. స్క్రీన్, టీమక్స్ అనే రెండు సాఫ్ట్‌వేర్ల ముందు మీటలను, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టిఎస్ అనే రెండు తెలుగు టైపింగ్ పద్ధతులను పక్కపక్కన ఉంచి, అవి ఒకే కీబోర్డు మీద ఎక్కడ ఢీకొంటున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉదాహరణలకు అనంతపురం మెట్టసీమలోని ఊళ్ళ పేర్లను తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: టెర్మినల్, టీమక్స్, స్క్రీన్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టిఎస్, సత్వర మీటలు, యూనికోడ్.

1. పరిచయం

ముదిగుబ్బ అనంతపురం–కదిరి దారిలోని మండల కేంద్రం. ధర్మవరం–పాకాల రైలు మార్గం మీద ఉన్న ఊరు. వానను నమ్ముకొని వేరుశనగ వేసే మెట్టనేల. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇటువంటి చోట కూర్చొని, దూరాన ఉన్న విశ్వవిద్యాలయపు కంప్యూటరులో తెలుగు పాఠ్యరాశిని పరిశీలించే పరిశోధకునికి మొదటి ఇబ్బంది భాషది కాదు, నిలకడది. కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా అక్కడ నడుస్తున్న పని ఆగకూడదు. ఆ పనిని దూరపు కంప్యూటరులోనే నిలిపి ఉంచి, సంబంధం తిరిగి కుదిరినప్పుడు విడిచిన చోటు నుంచే కొనసాగనిచ్చేది టెర్మినల్ మల్టిప్లెక్సర్. ఒకే తెరను అనేక కిటికీలుగా, భాగాలుగా విడగొట్టడం దాని రెండో ప్రయోజనం.

ఈ పరికరాన్ని నడిపేది మౌస్ కాదు, మీటలు. రెండో ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది, అది భాషదే.

2. ముందు మీట పుట్టుక

మల్టిప్లెక్సర్ తన లోపల నడిచే ప్రోగ్రాములకు పాఠకుడు కొట్టే ప్రతి మీటనూ అందించాలి. అదే సమయంలో తనకు ఉద్దేశించిన ఆజ్ఞలను గుర్తుపట్టాలి. ఇందుకోసం ఒక మీటను ‘ముందు మీట’గా కేటాయిస్తారు. అది నొక్కిన తరువాత వచ్చే మీట మల్టిప్లెక్సర్‌కు చెందుతుంది.

ఒలివర్ లౌమాన్, కార్‌స్టెన్ బోర్మాన్ 1987లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రూపొందించిన స్క్రీన్‌లో ఈ ముందు మీట కంట్రోల్-ఎ. ఈమాక్స్ అలవాటున్న వారికి ఇది మొదటినుంచీ చిక్కే. ఈమాక్స్‌లో అదే మీట కర్సరును పంక్తి మొదటికి చేరుస్తుంది. అందుకే స్క్రీన్‌లో కంట్రోల్-ఎ తరువాత మళ్ళీ ‘ఎ’ నొక్కితే అసలు కంట్రోల్-ఎ లోపలి ప్రోగ్రాముకు చేరే ఏర్పాటు ఉంది.

నికొలస్ మారియట్ 2007లో విడుదల చేసిన టీమక్స్‌లో ముందు మీట కంట్రోల్-బి. 2009లో ఇది ఓపెన్ బిఎస్‌డి మూల వ్యవస్థలో భాగమైంది. ‘బి’ని ఎంచుకోవడానికి టీమక్స్ పత్రాలు చెప్పే కారణం చిన్నది. తొలి నమూనాను స్క్రీన్ లోపల కూర్చొని రాశారు కనుక, స్క్రీన్ ముందు మీటతో ఘర్షణ రాకుండా ‘బి’ని తీసుకున్నారు. వేళ్ళ సౌకర్యం, మీట అర్థం ఇక్కడ లెక్కలోకి రాలేదు. పాత పరికరం లోపల కొత్త పరికరాన్ని తయారుచేసిన కొన్ని నెలల పనిస్థలపు జాడ అది. పాత ఇంటి గోడను ఆనుకొని కట్టిన కొత్త ఇంటి వాకిలి వంటిది: పాత ఇల్లు పోయినా వాకిలి అటే తిరిగి ఉంటుంది. స్క్రీన్‌ను ఎన్నడూ చూడని వారు కూడా ఈనాడు ఆ జాడను తమ వేళ్ళతో మోస్తున్నారు. టీమక్స్ వాడుకదారులు చాలామంది సెట్టింగుల ఫైలులో చేసే మొదటి మార్పు ముందు మీటను మళ్ళీ కంట్రోల్-ఎ చేసుకోవడమే. మూడు పంక్తుల పని అది: కొత్త ముందు మీటను ప్రకటించడం, పాతదాన్ని విడిపించడం, కొత్తదాన్ని రెండుసార్లు నొక్కితే లోపలికి పంపమనడం.

కంట్రోల్ మీట చరిత్ర ఇంతకంటె పాతది. 1963 నాటి ఆస్కీ ప్రమాణంలో మొదటి 32 స్థానాలు నియంత్రణ సంకేతాలవి. రోమన్ పెద్దబడి అక్షరపు సంఖ్య నుంచి 64 తీసివేస్తే కంట్రోల్ జతకు చెందిన సంఖ్య వస్తుంది. ‘ఎ’ సంఖ్య 65 కనుక కంట్రోల్-ఎ 1, కంట్రోల్-బి 2. అంటే కంట్రోల్-బి అనేది ఒక మీటల జత మాత్రమే కాదు, ఒక సంఖ్య కూడా. ‘వ’ అనే అక్షరానికి అటువంటి నియంత్రణ రూపం ఎక్కడా లేదు. టెర్మినల్‌లో కంట్రోల్-వ అనే మాటకు నిర్వచనమే లేదు. తెలుగును ఉద్దేశపూర్వకంగా విడిచారని దీని అర్థం కాదు. ఆ లెక్క వేసిన వారి ముందున్న యంత్రంలో 26 అక్షరాలే ఉన్నాయి.

3. తెలుగు మీటల రెండు దారులు

1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక రోమన్ అక్షరాల ధ్వనిని పట్టించుకోదు. ఎడమచేతి వైపు అచ్చులు, వాటి గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. అల్పప్రాణం మామూలు మీట మీద, దాని మహాప్రాణం షిఫ్టుతో అదే మీట మీద ఉంటాయి. భారతీయ లిపులన్నింటికీ ఒకే ధ్వని ఒకే మీట మీద ఉండాలన్నది దీని మూలసూత్రం. 1991లో ఐఎస్ 13194గా వెలువడిన ఇస్కీ సంకేత ప్రమాణం వెనుక ఉన్న దృష్టీ ఇదే. యూనికోడ్‌లోని తెలుగు విభాగం అక్షరక్రమం 1988 నాటి ఇస్కీ నుంచి వచ్చింది. వర్ణమాలను శాస్త్రంగా చూసిన ఆలోచన ఇది. వేగం కంటె క్రమానికి ఇందులో విలువ ఎక్కువ అని నా అభిప్రాయం.

రెండో దారి అమెరికాలో పుట్టింది. 1990ల తొలినాళ్ళలో టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్‌టిఎస్‌గా పేరుపొందింది. నాటి ప్రవాస తెలుగువారి యూజ్‌నెట్ చర్చావేదికలో రాతకు దొరికినవి ఆస్కీ అక్షరాలే. కాబట్టి తెలుగును ఆ అక్షరాలతోనే, మళ్ళీ యంత్రం తెలుగులోకి మార్చగలిగినంత నిర్దిష్టంగా రాయాలి. చిన్నబడి ‘డి’కి ద, పెద్దబడి ‘డి’కి డ, చిన్నబడి ‘టి’కి త, పెద్దబడి ‘టి’కి ట. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి తిప్పే సాధనమూ అక్కడే వచ్చింది. 2006లో వచ్చిన లేఖిని ఈ దారిని యూనికోడ్ కాలానికి చేర్చింది. చాలామంది తెలుగు బ్లాగర్లకు తొలి టైపింగ్ పాఠం అదే.

రెండు దారుల్లో ఏది పొదుపు అన్న వాదం తరచు వినిపిస్తుంది. ‘ముదిగుబ్బ’ను తీసుకుందాం. ఆర్‌టిఎస్‌లో ఎమ్, యు, డి, ఐ, జి, యు, బి, బి, ఎ – 9 మీటలు. ఇన్‌స్క్రిప్ట్‌లో సి, జి, ఓ, ఎఫ్, ఐ, జి, వై, డి, వై – ఇవీ 9. ఈ ఊరి విషయంలో పోటీ సమం. ‘కదిరి’కి ఆర్‌టిఎస్‌లో 6, ఇన్‌స్క్రిప్ట్‌లో 5. హల్లులోని ‘అ’కారానికి ఇన్‌స్క్రిప్ట్‌లో విడిగా మీట అక్కరలేదు కనుక ఈ తేడా. మీటల లెక్క ఒక్కటే చూస్తే ఆర్‌టిఎస్ తరహా టైపింగ్ ఇంతగా ఎందుకు వ్యాపించిందో తెలియదు. టెర్మినల్ ముందు కూర్చుంటే కొంత తెలుస్తుంది: అక్కడ ఆజ్ఞలన్నీ రోమన్‌లోనే ఉంటాయి కనుక వేళ్ళు ఆ అమరికను ఎలాగూ నేర్చుకొని ఉంటాయి.

4. రెండో మీట దగ్గరి ఘర్షణ

టీమక్స్‌లో ముందు మీట తరువాత ‘సి’ నొక్కితే కొత్త కిటికీ, ‘ఎన్’ నొక్కితే తరువాతి కిటికీ, ‘పి’ నొక్కితే వెనుకటిది, ‘డి’ నొక్కితే నడుస్తున్న పని నుంచి విడివడడం. ఇవన్నీ ఇంగ్లీషు క్రియల, విశేషణాల తొలి అక్షరాలు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక తెరిచి ఉన్నప్పుడు అవే మీటలు వరుసగా మ, ల, జ, పొల్లు గుర్తు అవుతాయి. ఇందులో చివరిది గమనింపదగినది. విడదీయడానికి టీమక్స్ ఎంచుకున్న మీట మీదే, రెండు హల్లులను కలిపే గుర్తును ఇన్‌స్క్రిప్ట్ ఉంచింది.

తెలుగును లినక్స్‌లో తెరిచే తీరును బట్టి ఘర్షణ మారుతుంది. ఐబస్ వంటి ఇన్‌పుట్ పద్ధతి ద్వారా తెరిస్తే అడుగున కీబోర్డు రోమన్‌గానే ఉంటుంది. కంట్రోల్-బి చెక్కుచెదరక వెళుతుంది, రెండో మీట మాత్రం తెలుగవుతుంది. కీబోర్డు అమరికనే తెలుగుకు మార్చితే ముందు మీట దగ్గరే చిక్కు. కొన్ని టెర్మినళ్ళు ఆ మీట రోమన్ విలువను వెదికి పంపుతాయి, మరికొన్ని పంపవు. అందువల్ల ఒక తెలుగు వాక్యం రాసి పక్క కిటికీకి వెళ్ళాలన్నా భాష మార్చడం, ఆజ్ఞ ఇవ్వడం, మళ్ళీ భాష మార్చడం అనే మూడు పనులు పడుతున్నాయి.

దీనికి సెట్టింగుల ఫైలులో దారి ఉంది. టీమక్స్ యూనికోడ్ అక్షరాలనూ మీటలుగా అంగీకరిస్తుంది. ‘మ’కు కొత్త కిటికీని, ‘ల’కు తరువాతి కిటికీని, ‘జ’కు వెనుకటిదాన్ని ముడివేస్తూ మూడు పంక్తులు చేర్చితే భాష మార్చకుండానే పని జరుగుతుంది. సిరిలిక్ లిపి వాడేవారు ఇదే చేస్తారు. పొల్లు గుర్తు సంగతి వేరు. అది ఒంటరిగా నిలిచేది కాదు. ఫైలులో రాసినా చాలా ఫాంట్లలో చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. విడివడే ఆజ్ఞను ఫంక్షన్ మీటకు అప్పగించడం మేలు. 2009లో ఉబుంటు వర్గాల నుంచి వచ్చిన బ్యోబు ఈ దారినే పట్టింది. ఎఫ్2 కొత్త కిటికీ, ఎఫ్3, ఎఫ్4 అటూ ఇటూ కదలడం, ఎఫ్6 విడివడడం. తెలుగు కోసం చేసిన ఏర్పాటు కాకపోయినా, ఫంక్షన్ మీటలకు ఏ లిపీ లేదు కనుక తెలుగువారికి బాగా కలిసివచ్చేది ఇదే.

ఇదే చిక్కును గ్నోమ్ తెలుగు అనువాదాలు మరో తీరున దాటాయి. అక్కడ ‘దస్త్రము’ వంటి మెనూ పేరు పక్కన బ్రాకెట్లలో రోమన్ ‘ఎఫ్’ను ఉంచారు. మాట తెలుగు, దాన్ని తెరిచే మీట ఇంగ్లీషు. చైనా, జపాన్ భాషల అనువాదకులు వాడే పద్ధతి ఇది. మెనూ మాటలను తెలుగు చేయడానికి పడిన శ్రమతో పోలిస్తే మీటల మీద జరిగిన ఆలోచన తక్కువ. పరిభాషా నిర్మాణం గురించి మనకు వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. ఆ పరిభాషను వేళ్ళకు అందించడం గురించి దాదాపు లేవు.

5. గడుల లెక్క

టెర్మినల్ తెర గడుల పట్టిక. 1978 నాటి విటి100 యంత్రపు 80 నిలువు వరుసలు, 24 పంక్తుల కొలత నేటికీ చాలా ప్రోగ్రాములకు ఆధారం. ప్రతి అక్షరానికి ఎన్ని గడులో ముందే తెలియాలి. మార్కస్ కూన్ రాసిన, విస్తృతంగా వాడుకలోకి వచ్చిన లెక్కలో స్థలం తీసుకోని గుర్తులకు 0, తీసుకునే వాటికి 1. ఏది ఏ తరగతిదో యూనికోడ్ వర్గీకరణ చెబుతుంది. దాని ప్రకారం తెలుగు గుడి పైన కూర్చుంటుంది కనుక 0, కొమ్ము కుడివైపు సాగుతుంది కనుక 1, సున్న 1, పొల్లు 0. ఇంతవరకు తర్కం సరిగానే ఉంది. ఒత్తు దగ్గర తప్పుతుంది. ఒత్తు కింద చేరే రూపమైనా, సంకేతంలో అది పొల్లు తరువాత వచ్చే పూర్తి హల్లు కనుక దానికి ఒక గడి పడుతుంది.

‘కదిరి’లో అక్షరాలు 3, యూనికోడ్ సంకేతాలు 5, గడులు 3. చూపుకూ లెక్కకూ పొత్తు కుదిరింది. ‘ధర్మవరం’లో అక్షరాలు 4, సంకేతాలు 7, గడులు 6. ‘నల్లమాడ’లో 4, 7, 5. ‘ముదిగుబ్బ’లో అక్షరాలు 4, సంకేతాలు 9, గడులు 7. ఈ నాలుగు మండలాల వర్షపాతాన్ని ఒక పట్టికగా తెరమీద పెడితే, కదిరి ఎదుటి అంకె ఉన్న చోట ముదిగుబ్బ ఎదుటి అంకె నిలవకపోవచ్చు. టెర్మినల్ ‘బ్బ’ను ఒక రూపంగా కూర్చితే ఒక గడి ఖాళీగా మిగులుతుంది. కూర్చకపోతే పొల్లు ‘బ్’, దాని పక్కన మరో ‘బ’ కనిపిస్తాయి. మల్టిప్లెక్సర్‌లో దీని ఫలితం మరింత స్పష్టం. తెర భాగాల మధ్య నిలువు గీతను టీమక్స్ తన లెక్కతో గీస్తుంది, అక్షరాలను టెర్మినల్ తన లెక్కతో చూపుతుంది. రెండు లెక్కలు వేరైన పంక్తిలో గీత పక్కకు జరుగుతుంది, కర్సరు తప్పు అక్షరం మీద నిలుస్తుంది. అక్కడ తుడిపివేత మీట నొక్కిన పరిశోధకుడు తాను చూస్తున్న అక్షరాన్ని కాక దాని పొరుగుదాన్ని పోగొట్టుకుంటాడు. పాఠ పరిష్కరణలో ఇది చిన్న ప్రమాదం కాదు.

భారతీయ లిపుల కూర్పును పట్టించుకునే ఎమ్ఎల్‌టెర్మ్ వంటి టెర్మినళ్ళు ఉన్నాయి గాని, మల్టిప్లెక్సర్ లెక్క కూడా దానితో కలవకపోతే గీత కుదురుకోదు. అందాకా పట్టికలను ట్యాబుతో విడదీసిన ఫైళ్ళుగా ఉంచి, ముందు వరుసల్లో అంకెలు, మండలానికి ఒక సంఖ్య, ఊరి పేరు చివరి నిలువు వరుసలో రాయడం పనికివచ్చే పద్ధతి. అప్పుడు ముదిగుబ్బకు 4 గడులు పట్టినా 7 పట్టినా, దాని కుడివైపున జరగడానికి ఏ అంకే ఉండదు.