బంతి నుంచి వెలుగుకు: మౌస్ చరిత్ర

నర్సీపట్నం వంటి పట్టణాల్లో శుభలేఖల, కరపత్రాల కూర్పు సీసపు అక్షరాల నుంచి కంప్యూటర్ తెర మీదికి మారినప్పుడు కంపోజిటర్ చేతికి కొత్తగా వచ్చిన పనిముట్టు మౌస్. దాని పుట్టుక మాత్రం అంతకు చాలా ముందటిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు 1964లో బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చిన తొలి నమూనా ఒక చెక్క డబ్బా. దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు చక్రాలు నిలువు, అడ్డ కదలికలను వేర్వేరుగా కొలిచేవి.

తర్వాత చక్రాల స్థానంలో బంతి వచ్చింది. కంప్యూటర్ మీద కూర్పు చేసే డీటీపీ కేంద్రాలు మొదట ఎరిగింది ఈ రకాన్నే. రబ్బరు పూత ఉన్న ఉక్కు గుండు దొర్లితే దానికి ఆనుకున్న రెండు సన్నని రోలర్లు తిరిగేవి, వాటి చివర చీలికలున్న బిళ్లలు కంటికి కనబడని పరారుణ కాంతిని అడ్డుకుంటూ వదులుతూ ఉండగా, ఆ మినుకుల లెక్కను బట్టి తెర మీది బాణం జరిగేది. రోలర్లకు మురికి పడితే బాణం మొరాయించేది. అప్పుడు అడుగు మూత తిప్పి, గుండును అరచేతిలోకి దొర్లించుకుని, నల్లటి పట్టీలా పేరుకున్న దుమ్మును గోటితో గీరవలసి వచ్చేది. పాత కంపోజిటర్‌కు సీసపు మసి తప్పినా ఈ మసి తప్పలేదన్నమాట.

బంతి లేకుండా కాంతితోనే పనిచేసే 1980ల నాటి తొలి కాంతి మౌస్‌లలో కొన్నింటికి అడుగున గీతల పలక తప్పనిసరి. 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన రకం ఆ బెడద తీర్చి, బల్లను సెకనుకు 1,500 సార్లు చిత్రించి, చిత్రాల మధ్య తేడాను బట్టి కదలికను పసిగట్టింది. 2004లో లేజర్ రకమూ వచ్చింది, అయితే నున్నటి అద్దం మీద పోల్చుకునే గుర్తులు దొరకక సాధారణ కాంతి మౌస్ నేటికీ తడబడుతుంది.