అశ్వమారకం: శివునికి పుష్పం, గుర్రానికి మృత్యువు

క్షీరసాగర మథనంలో మొదట ఆవిర్భవించినది హాలాహలం. ఆ తరువాత వెలువడిన రత్నాలలో ఒకటి ఉచ్చైఃశ్రవమనే శ్వేతాశ్వం. లోకాలను దహింపగల విషమూ, అశ్వజాతికి శిరోభూషణమైన తురంగమూ ఒకే జలరాశి నుండి జన్మించాయి. విషాన్ని పరమేశ్వరుడు కంఠంలో నిలుపుకున్నాడు కనుకనే మిగిలిన రత్నాలు లోకానికి దక్కాయి. ఈ గాథలోని ధర్మసూక్ష్మం ఒక చిన్న పుష్పవృక్షం చరిత్రలో మరల గోచరిస్తుంది. అది శివాలయ ప్రాంగణాలలో నిత్యం కనిపించే గన్నేరు.

సంస్కృతంలో గన్నేరుకు కరవీరమని ప్రసిద్ధి. అమరకోశం వనౌషధివర్గంలో దీనికి హయమారకమనే పర్యాయపదాన్ని చేర్చింది. వైద్యగ్రంథాలలో అశ్వమారము, అశ్వమారకము అనే నామాలు కనిపిస్తాయి. అర్థం సుస్పష్టం: గుర్రాన్ని చంపునది. సుశ్రుతసంహిత కల్పస్థానం స్థావర విషాలను విభజిస్తూ, వేరునందు విషం గల ఎనిమిదింటిలో అశ్వమారాన్నీ గురివిందనూ పేర్కొన్నది. ప్రాచీనులు ఒక మొక్కకు ఊరక పేరు పెట్టలేదు. అశ్వశాలలలో జరిగిన నష్టాన్ని చూచి, మరొకరు నష్టపోకూడదని ఆ హెచ్చరికను నామంలోనే నిక్షిప్తం చేశారు.

గుర్రానికి హితమైన తృణం విషయంలోనూ వైదిక వాఙ్మయం మౌనం వహించలేదు. సోమయాగాంతర్గతమైన ఆతిథ్యేష్టిలో ప్రస్తరం అశ్వవాలమనే గడ్డితో కూర్చబడుతుంది. యజ్ఞపురుషుడు అశ్వరూపం ధరించి దేవతలను వీడి పోగా, వారు వెంబడించి తోకవెండ్రుకలను పట్టుకొనిరనీ, చేతికి వచ్చిన ఆ వెండ్రుకలే ఈ తృణంగా మొలిచాయనీ శతపథ బ్రాహ్మణం చెబుతుంది. దీనిని రెల్లుజాతి గడ్డిగా గుర్తించడం సంప్రదాయం. గడ్డి నుండి గుర్రం బలం పొందుతుంది, గుర్రం నుండి గడ్డి పుట్టిందని శ్రుతి అంటున్నది. తినేదానికీ తినబడేదానికీ నడుమ ఉన్న ఈ అభేదాన్ని ఋషి దర్శించాడు. వినాయకునికి ప్రీతికరమైన దూర్వ, మన గరిక, నేటికీ గుర్రాలకు శ్రేష్ఠమైన మేతలలో ఒకటి.

అశ్వవైద్యానికి ఆదిగురువుగా శాలిహోత్ర మహర్షిని సంప్రదాయం స్మరిస్తుంది. మహాభారతంలో నకులుడు గ్రంథికనామంతో విరాటుని కొలువులో అశ్వరక్షకుడై అజ్ఞాతవాసం గడిపాడు. అతని పేరుతో ఒక అశ్వశాస్త్రం కూడ ప్రచారంలో ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో ఉత్తమాశ్వానికి దినాహారాన్ని కొలతలతో నిర్దేశించింది: శాలి, వ్రీహి, యవ, ప్రియంగు ధాన్యాలలో ఒకటి రెండు ద్రోణాలు, లేదా సగం ఉడికిన పెసలు గాని మినుములు గాని, ఒక ప్రస్థం స్నేహద్రవ్యం, ఐదు పలాల ఉప్పు. వీటితోపాటు మాంసరసాదులనూ, పచ్చిమేతనూ చెప్పింది. రాజ్యబలానికి అంగమైన జంతువు కనుక దాని గ్రాసం రాజధర్మంలో భాగమైనది. తెలుగున మనుమంచిభట్టు ఈ విద్యను పద్యరూపంలో అందించాడు.

ఆంధ్రదేశంలో ఈ శాస్త్రానికి అధిక ప్రాధాన్యం కలగడానికి కారణమున్నది. మేలుజాతి గుర్రాలు ఇక్కడ విరివిగా పుట్టేవి కావు, సముద్రం దాటి వచ్చేవి. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, తుపానుకు పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు అపహరించేవారని చెప్పి, తాము సుంకం తప్ప వేరేమీ గైకొనబోమని వర్తకులకు అభయమిచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణంలో గుర్రాలు దిగుమతి అయ్యే రేవులను పోషించవలెనని ఉపదేశించాడు. అదే పదమూడవ శతాబ్ది చివర దక్షిణాపథాన్ని చూచిన మార్కో పోలో, పాండ్యదేశంలో గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడుతున్నారనీ, పోషణ తెలిసినవారు లేక అవి మరణిస్తున్నాయనీ వ్రాశాడు. ధనం వెచ్చించి తెచ్చినంత మాత్రాన అశ్వం దక్కదు, దాని కుక్షి తెలిసినవానికే దక్కుతుంది.

ఆ కుక్షిని ఎరిగిన మన పూర్వులు ఎంచుకున్నది ఉలవలు. సంస్కృతంలో కులత్థం. ఆంగ్లేయులు దీనికి గుర్రపు ధాన్యమనే అర్థంలోనే పేరు పెట్టారు. మెట్టనేలలో స్వల్పజలంతో పండే ఈ పప్పుధాన్యాన్ని ఉడికించి ఎద్దులకూ గుర్రాలకూ పెట్టేవారు. ఉడికిన నీటిని మరిగించి చేసిన ఉలవచారు మనుష్యుల విస్తరిలోకి వచ్చింది. పశువు భుజించగా మిగిలినది ఇంటివారికి రుచి అయినది.

ఇక భాగ్యనగరంలోని జూబిలీ హిల్స్‌ను చూడండి. నేడు భవనాలతో, చలనచిత్ర కార్యాలయాలతో నిండిన ఈ ప్రాంతం ఒకప్పుడు గండశిలలు, ముళ్ళపొదలు, ఎండుగడ్డి గల కొండనేల. 1940లో ఇక్కడ చిరాన్ ప్యాలెస్ నిర్మితమైనది. ఆ ఆవరణలో రాజభవనంతోపాటు అశ్వశాలలూ, పశుశాలలూ, మోటారు వాహనశాలా ఉండేవి. అశ్వం నుండి యంత్రానికి లోకం మరలుతున్న సంధికాలానికి అది సాక్షి. ఆ ప్రదేశమే 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడినది.

రాజుల గుర్రాలు పోయినా గుర్రం ఈ కొండలను విడువలేదు. ఫిలింనగర్ కథలలో రాజులూ యోధులూ ఉన్నంతకాలం అశ్వం అవసరమే. 2009లో వచ్చిన మగధీర వంటి చిత్రాలలో గుర్రం కథానాయకునికి తోడుగా నిలిచింది. చిత్రీకరణలో జంతువుల వినియోగాన్ని 2001 నాటి నియమావళి నమోదుకు లోబరచినది. కాని నియమపత్రం దృశ్యంలోని గాయాన్ని నివారించగలదు గాని, విరామవేళ కట్టివేసిన చోట గుర్రం నోటికి అందే కొమ్మను ఎవరు చూస్తారు? పెండ్లి ఊరేగింపునకు వచ్చి మార్గపార్శ్వంలో వేచియుండే గుర్రానిదీ అదే స్థితి. నగరమార్గాల మధ్య వరుసలుగా, గృహాల ప్రహరీల వెంబడి, నీరు తక్కువైనా పూచే గన్నేరు విరివిగా నాటబడుతున్నది.

గన్నేరు ఆకులో, కొమ్మలో, పూవులో, వేరులో హృదయస్పందనను చెడగొట్టే విషం ఉన్నది. పది ఇరవై ఆకులు ఒక పెద్ద గుర్రానికి ప్రాణాంతకం కావచ్చు. కడుపునొప్పి, విరేచనం, గుండె లయ తప్పడం, పిదప మరణం, కొన్ని గంటలలోనే సంభవించవచ్చు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, లోనికి పోయిన విషం వెలికి రాదు. పచ్చి ఆకు చేదుకు గుర్రం సాధారణంగా ముఖం త్రిప్పుకుంటుంది. ఎండిన ఆకులో విషం తగ్గదు, ఎండుమేతలో కలిస్తే ఆ చేదును గుర్రం అంతగా గుర్తించలేదు. ఉమ్మెత్త, జిల్లేడు, పచ్చగన్నేరు, ఆముదపు గింజలు కూడ దానికి ప్రమాదకరాలే. స్వేచ్ఛగా సంచరించే మంగోలియా అడవిగుర్రం తల్లివెంట తిరుగుతూ విశాలమైన పచ్చికలో తనకు తగినదానిని ఏరుకుంటుంది. కట్టబడిన గుర్రానికి ఆ స్వాతంత్ర్యం లేదు. ఆకలి, పలుపు పొడవు, యజమాని వివేకం, ఈ మూడే దాని ఆహారాన్ని నిర్ణయిస్తాయి.

ఇక్కడ ఆస్తికులు ఒక విషయాన్ని గమనించాలి. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ శివార్చనకు ప్రశస్తాలే. హాలాహలధారికి విషపుష్పం సమర్పించడంలో అంతరార్థం ఉన్నది: లోకం భరించలేని దానిని స్వామి భరిస్తాడు. అట్లని అర్చన ముగిసిన నిర్మాల్యాన్ని సంచులలో కట్టి మార్గమూలలలో, ఖాళీస్థలాలలో పారవేస్తే, స్వామి స్వీకరించిన విషాన్ని మరల లోకానికి పంచినట్లు అవుతుంది. ఆ సంచిని గోవు చింపవచ్చు, గుర్రం మూతి పెట్టవచ్చు. నిర్మాల్యం కాలికి తగలరాదని పెద్దలు విధించారు, మూగజీవి నోటికి తగలరాదన్నది కూడ ఆ విధిలో అంతర్గతమే. జంతువులకు అందని చోట గుంటలో పూడ్చి మట్టి కప్పడం ఉత్తమం.

మరి గన్నేరును త్యజించవలెనా? అక్కరలేదు. అమరసింహుడు హయమారకమన్న దానినే భక్తులు కరవీరమని కొనియాడి అర్చించారు. వారు పుష్పాన్ని వదలలేదు, హెచ్చరికను మరువలేదు. మొక్కను నాటేవాడు దాని నామాన్ని తెలుసుకోవాలి. గుర్రాన్ని కట్టేవాడు చుట్టూ చేయిచాచి ఏ కొమ్మ అందుతుందో చూడాలి. కత్తిరించిన గన్నేరు కొమ్మలను పచ్చిమేతతో కలిపి వేయరాదు. ఇందుకు ధనం అక్కరలేదు, శ్రద్ధ చాలు.

తిరుమల బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవనాటి రాత్రి శ్రీనివాసుడు అశ్వవాహనంపై కల్కిరూపుడై దర్శనమిస్తాడు. ఆ వాహనానికి నమస్కరించిన చేతులే వీధిలో ఎండకు నిలిచిన గుర్రం ముందునుండి ఒక గన్నేరు కొమ్మను తొలగించి, పిడికెడు గరిక వేస్తే, ఆ నమస్కారం సంపూర్ణమవుతుంది.

శుభం భూయాత్.